జనం మొండివాళ్లు కారు, తడిసి ఉన్నారు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో తెలుగు హాస్యం గురించి వచ్చిన వ్యాసం చదివాను. తెలుగు ప్రేక్షకుడికి ఓపిక నశించిందని, చేతిలోని ఫోను మీద నుంచి చూపు తిప్పుకోలేని జనానికి వేదిక మీద ఒంటరిగా నిలబడి మాట్లాడే మనిషి హాస్యం తలకెక్కదని, అందుకే స్టాండప్ కామెడీ హైదరాబాదు కెఫేలు దాటి జిల్లాలకు రాలేకపోతున్నదని వ్యాసకర్త తేల్చేశారు. నేను పదమూడేళ్లుగా ఆ జిల్లాల్లోనే తిరుగుతూ, ఆ జనం ముందే నిలబడి, వాళ్లిచ్చిన డబ్బుతోనే ఇల్లు గడుపుకుంటున్నవాణ్ని. కాబట్టి ఈ తీర్పు మీద అప్పీలు చేసుకోక తప్పడం లేదు.

మా వృత్తిలో ‘మొండి జనం’ అని ఒక మాట ఉంది. ఏమి చెప్పినా నవ్వని జనమని దాని అర్థం. నేను చూసినంతలో ఆ పేరు పడ్డ జనంలో ఎక్కువమంది మొండివాళ్లు కానే కారు. వాళ్లు వానకు తడిసి ఉంటారు, లేదా చలికి ముడుచుకుని ఉంటారు, లేదా మాట వినపడక విసిగిపోయి ఉంటారు. అందులో వాన తప్పు కొంత ఉంది, మా కళాకారుల తప్పు మరికొంత ఉంది, ఏర్పాట్లు చేసేవాళ్ల తప్పు చాలా ఉంది. ప్రేక్షకుడి వంతు వచ్చేసరికి మిగిలేది బహు స్వల్పం.

స్టాండప్ కామెడీ పరాయి దేశపు సరుకని, మనవాళ్లకు దాని రుచి తెలియదని వ్యాసకర్త అన్నారు. తెలంగాణ పల్లెల్లో పిట్టల దొర అనీ, లత్కోర్ సాబ్ అనీ, కొన్నిచోట్ల తుపాకి రాముడనీ పిలిచే పగటి వేషగాడు పాత ఖాకీ దుస్తులు, తలమీద ఒక టోపీ, భుజాన కర్ర తుపాకీతో వీధి మధ్యలో నిలబడి, తనకున్న ఆస్తుల గురించీ అధికారం గురించీ ఆకాశానికి నిచ్చెనలు వేస్తూ కోతలు కోస్తుంటే, పనులు మానుకుని నిలబడి విన్నది మన తాతలే. ఒక్కడే మనిషి, ఎదురుగా జనం, మధ్యలో మాట తప్ప మరేమీ లేదు. దీన్ని మైకు లేని స్టాండప్ కామెడీ అనకపోతే ఏమనాలో నాకు తెలియదు. బుర్రకథలో కథకుడికి ఒక పక్క రాజకీయం చెప్పేవాడు ఉంటే రెండో పక్క హాస్యం చెప్పేవాడు ఉంటాడు. తోలుబొమ్మలాటలో రాముడూ రావణుడూ అలసిపోయినప్పుడు ఆట నిలబెట్టేది కేతిగాడూ బంగారక్కే. మన దేశంలో స్టాండప్ కామెడీకి దారి వేసినవాళ్ల పేర్లు చెప్పమంటే ముందు వరసలో వచ్చే జానీ లీవర్ కనిగిరిలో తెలుగు ఇంట పుట్టినవారు. ముంబై వీధుల్లో నటుల గొంతులు అనుకరిస్తూ పెన్నులు అమ్మి, తరువాత హిందీ సినిమా సంగీత దర్శకులు కల్యాణ్‌జీ ఆనంద్‌జీల బృందంతో ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చిన మనిషి ఆయన. వీధిలో నిలబడి, ఆగాలన్న అవసరమే లేని జనాన్ని ఆపగలగడం కంటే పెద్ద చదువు మా వృత్తిలో లేదు.

అయితే పిట్టల దొరకూ నాకూ ఒక పెద్ద తేడా ఉంది. పగటి వేషగాళ్లూ తోలుబొమ్మలాటవాళ్లూ ఎక్కువగా పంట ఇంటికి చేరిన తరువాత ఊళ్లు పట్టుకుని తిరిగేవారు. అప్పటికి గాదెలో గింజలుండేవి, కాలికింద నేల పొడిగా ఉండేది, చూసేవాడికి తీరిక ఉండేది. మాకు కార్యక్రమాలు దొరికే కాలం వినాయక చవితితో మొదలై దసరా మీదుగా కార్తిక వనభోజనాల దాకా సాగుతుంది. నైరుతి వానలు తిరుగుముఖం పట్టకముందే మా సీజన్ మొదలై, బంగాళాఖాతంలో తుపాన్లు పుట్టే నెలల్లో ముగుస్తుందన్నమాట. హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసినది 2014 అక్టోబరు 12న. మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినది 2023 డిసెంబరు 5న. మొంథా గోదావరి జిల్లాల మీదికి వచ్చినది 2025 అక్టోబరు 28న. మామూలు ఉద్యోగి క్యాలెండరులో సెలవులు వెతుక్కుంటాడు, నేను వాయుగుండాలు వెతుక్కుంటాను. మా ఇంట్లో వాతావరణ శాఖ ప్రకటన విన్నంత శ్రద్ధగా నా జోకులు ఎవరూ వినరు.

2024లో సెప్టెంబరు మొదటి తేదీన ఇటు బుడమేరు విజయవాడను, అటు మున్నేరు ఖమ్మాన్ని ముంచాయి. సరిగ్గా వారం తిరక్కుండానే, ఏడో తేదీన వినాయక చవితి వచ్చింది. ఆ నవరాత్రుల్లో ఖమ్మం వైపు ఒక కాలనీ మండపంలో నా కార్యక్రమం ముందే ఒప్పుకుని ఉన్నాను. వరద చూసి రద్దు చేస్తారనుకున్నాను. కాలనీ పెద్ద ఒకాయన ఫోన్ చేసి, ‘బురద తోడీ తోడీ అందరి నడుములూ పడిపోయినయి, మీరు వచ్చి ఓ గంట కూర్చోబెట్టండి సార్’ అన్నారు. వెళ్లాను. గోడల మీద మనిషి నడుం ఎత్తున గోధుమరంగు గీత, ఇళ్ల ముందు ఎండబెట్టిన పరుపులు, ఆ పరుపులను మళ్లీ తడుపుతూ సన్నటి వాన. వేదిక మీద కట్టిన నీలం టార్పాలిన్ పట్టాలో నీళ్లు నిలిచి, అది నా నెత్తిమీద నిండు గర్భిణి పొట్టలాగా కిందికి వేలాడుతోంది. పదేళ్ల కుర్రాడొకడు వెదురు గడ పట్టుకుని పక్కన నిలబడి, మూడు నాలుగు నిమిషాలకోసారి దాన్ని కిందినుంచి పొడుస్తున్నాడు. పొడిచినప్పుడల్లా ఒక బిందెడు నీళ్లు వేదిక పక్కన భళ్లున పడుతున్నాయి.

మొదటి పది నిమిషాలూ ఒక్కరు నవ్వలేదు. నవ్వకపోవడం అటుంచి, ఎవరూ నా ముఖమే చూడలేదు. అందరి చూపూ ఆ పట్టా పొట్ట మీదే ఉంది. అది ఎప్పుడు చిరుగుతుందా, వీడి నెత్తిన ఎప్పుడు పడుతుందా అన్న ఉత్కంఠ ముందు నా కథలోని ఉత్కంఠ ఏపాటిది? ఇటువంటప్పుడు కళాకారుడు చేసే మొదటి తప్పు గొంతు పెంచడం. రెండో తప్పు జనాన్ని దెప్పడం. ఆ రెండు తప్పులూ పూర్వం చేసి అనుభవించినవాణ్ని కాబట్టి ఆ రోజు మాట ఆపేసి, నేనూ తల ఎత్తి పట్టా వైపే చూశాను. తరువాత ఆ కుర్రాణ్ని పిలిచి, ‘తమ్ముడూ, ఇకమీదట నేను చెయ్యెత్తినప్పుడే పొడవాలి’ అని ఒప్పందం చేసుకుని, అనుకున్న విషయాలన్నీ పక్కన పెట్టి, పిట్టల దొర వరసలో కోతలు అందుకున్నాను. ‘మా తాతకు వెయ్యి ఎకరాలు’ అని చెయ్యెత్తితే భళ్లున నీళ్లు. ‘కలెక్టరు నాకు రోజూ ఫోన్ చేస్తాడు’ అంటే భళ్లున నీళ్లు. అబద్ధానికొక బిందె చొప్పున అరగంట నడిచింది. చివరికి నేను చెయ్యెత్తకముందే కుర్రాడు పొడవడం మొదలుపెట్టాడు. ఆ రాత్రి అందరికంటే పెద్ద కళాకారుడు వాడే.

అంత వరకూ నీళ్ల గురించి మాట్లాడవచ్చునా కూడదా అని నాకు లోపల ఒక బెరుకు ఉంది. వరదలో సామాను పోగొట్టుకున్నవాళ్ల ముందు నీళ్ల మీద హాస్యమాడే హక్కు పై ఊరి నుంచి వచ్చినవాడికి లేదని ఇప్పటికీ అనుకుంటాను. ఆ హక్కు వాళ్లది. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దామె నవ్వుల మధ్యలో లేచి, పక్కనే ఉన్న భర్తను చూపించి, ‘ఇరవై ఏండ్ల సంది ఇల్లు కడుగుమంటే ఈయన కడగలే, మున్నేరొచ్చి కడిగిపోయింది’ అంది. మండపం మొత్తం పగలబడి నవ్వింది. ఆయన కూడా నవ్వారు. పదమూడేళ్లలో నేను ఒక్క వాక్యంతో అంత నవ్వు పుట్టించలేదు. ఈ జనానికా హాస్యప్రియత్వం లేదని వ్యాసకర్త అంటున్నది?

ఇక రేకుల షెడ్ల సంగతి. మన పట్టణాల్లో ఫంక్షన్ హాలు అనే పేరుతో కడుతున్న వాటిలో చాలా వాటికి పైన ఇనుప రేకులే. ఎండాకాలం అవి పెనం, వానాకాలం డప్పు. ఒక నవంబరులో కోనసీమ వైపు అటువంటి హాలులో మాట్లాడుతుండగా వాన అందుకుంది. హాస్యానికి ప్రాణం చివరి మాటలో ఉంటుందని అన్ని భాషలవాళ్లూ అంటారు కానీ, తెలుగువాడికి ఆ కష్టం ఇంకొంచెం ఎక్కువ. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. ఔననడమో కాదనడమో ఆ క్రియ చివర ఉన్న ఒకటి రెండు అక్షరాల్లో తేలుతుంది. ‘మా బావ ఎవరి దగ్గరైనా అప్పు తీసుకున్నాడంటే, తీరుస్తానన్న తేదీకి ఠంచనుగా ఊళ్లో ఉండడు’ అన్నది నా పాత మాట, ఎన్నో ఊళ్లలో పనిచేసింది. ఆ రాత్రి ‘ఉండడు’ దగ్గరికి వచ్చేసరికి రేకుల మీద వాన ఒక్కసారి హోరెత్తింది. జనానికి వినపడింది ‘తేదీకి ఠంచనుగా’ వరకే. మూడో వరసలో ఒక పెద్దాయన ‘మంచి మనిషే’ అన్నట్టు తల ఊపారు. నవ్వు రాకపోవడం నాకు అలవాటే గాని, మా బావకు అటువంటి మంచిపేరు రావడం నేను తట్టుకోలేకపోయాను.

అటు తరువాత నేను రెండు రకాల వాక్యాలు రాసుకోవడం మొదలుపెట్టాను. స్లాబు కింద చెప్పేవి కొన్ని, రేకుల కింద చెప్పేవి కొన్ని. రేకుల కింద వాక్యం పొట్టిగా ఉండాలి, అసలు మాట ముందుకు రావాలి, ఆ మాటను చెయ్యో కనుబొమ్మో మోసుకుపోవాలి. వాన మరీ పెరిగితే మైకు కట్టేసి, వేదిక దిగి, కుర్చీలు దగ్గరికి జరిపించి, వాళ్ల మధ్యలో నిలబడి మాట్లాడటమే మేలు. ఆ రోజు అదే చేశాను. ఎనభై మంది ఉంటారు, ఒకరి మోకాళ్లకు మరొకరి మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. ఒకరి నవ్వు పక్కవాడికి వినపడితేనే రెండో నవ్వు పుడుతుంది. విడివిడిగా, కుర్చీకి కుర్చీకి మధ్య సైకిలు పట్టేంత ఖాళీ వదిలి కూర్చోబెట్టిన మూడు వందల మంది కంటే, ఇరుక్కుని కూర్చున్న ఎనభై మంది వెయ్యి రెట్లు మంచి ప్రేక్షకులు. ఏర్పాట్లు చేసేవాళ్లకు ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా, ‘గ్రౌండు నిండుగా కనపడాలి కదండీ’ అంటారు. ఫొటోలో నిండుగా కనిపించిన మైదానం చెవికి ఖాళీగానే ఉంటుంది.

చలి గురించి, ఎండ గురించి ఎక్కువ చెప్పను. ఆదిలాబాద్ జిల్లాలో ఒక జనవరి రాత్రి పాఠశాల మైదానంలో గంటసేపు మాట్లాడితే ఒక్క చప్పట్లూ లేవు. బెంగపడి దిగివచ్చి చూద్దును కదా, అందరి చేతులూ దుప్పట్ల లోపల ఉన్నాయి. మే నెలలో ఒక పెళ్లి పందిట్లో మాట్లాడితే అందరూ శుభలేఖలతో విసురుకుంటూ కూర్చున్నారు. విసిరే చెయ్యి చప్పట్లు కొట్టలేదు.

సోఫాల గురించి మాత్రం చెప్పి తీరాలి. మన సభల్లో వేదికకూ జనానికీ మధ్య రెండు వరసల సోఫాలు వేసి, వాటికి తెల్లటి కవర్లు తొడిగి, అతిథుల కోసం ఉంచుతారు. జ్యోతి ప్రజ్వలన, ప్రసంగాలు, సన్మానాలు కాగానే అతిథులు తమకు మరో కార్యక్రమం ఉందని లేచి వెళ్లిపోతారు. వాళ్ల వెంట వాళ్లను సాగనంపేవాళ్లు, సాగనంపేవాళ్లతో ఫొటో దిగేవాళ్లు వెళ్లిపోతారు. అప్పుడు నన్ను పిలుస్తారు. నా ముందు ఇరవై అడుగుల మేర ఖాళీ సోఫాలు, ఆ వెనక తాడు, ఆ తాడు వెనక జనం. వెనక ఉన్నవాళ్లు ముందుకు వచ్చి కూర్చుంటే వాలంటీర్లు లేపేస్తారు. ఖాళీ సోఫాను నవ్వించగల కళాకారుడు ఇంతవరకూ పుట్టలేదు. పోనీ తొందరగానైనా పిలుస్తారా అంటే, డాన్సులు, పాటలు, లక్కీ డ్రా, బహుమతి ప్రదానం అన్నీ అయ్యాక, తొమ్మిదీ నలభై అయిదుకు వస్తుంది మా వంతు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకరు వాడకూడదు. పండుగ రోజుల్లో అర్ధరాత్రి దాకా అనుమతించే వెసులుబాటు రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నా, అది ఏడాది మొత్తం మీద పదిహేను రోజులకు మించకూడదు. ఆ నిబంధన మంచిదే. పక్కింట్లో పరీక్షకు చదువుకునే పిల్లలు, మంచాన పడ్డ ముసలివాళ్లు ఉంటారు, వాళ్ల నిద్ర నా జోకు కంటే విలువైనది. కానీ పదిహేను నిమిషాలు మిగిల్చి, గేటు దగ్గర కానిస్టేబుల్ గడియారం చూసుకుంటూ ఉండగా, ‘తొందరగా నవ్వించండి సార్’ అనడం ఏ నిబంధనలోనూ లేదు. కంపెనీల వార్షికోత్సవాల్లో ఇంకో తమాషా ఉంది. నేను మైకు పట్టుకునే క్షణానికే హాలు వెనక బిర్యానీ మూత తీస్తారు. బిర్యానీతో పోటీపడి గెలిచిన మనిషి ఎవరైనా ఉంటే నేను వెళ్లి శిష్యరికం చేస్తాను.

మధ్యలో అరిచేవాళ్ల గురించి కూడా వ్యాసకర్త బాధపడ్డారు. నిజమే, ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు. ‘అన్నా, ఫలానా హీరో గొంతు చెయ్యి’ అన్న కేక వినని రాత్రి లేదు. దానికి నేను కోపం తెచ్చుకోను. వరంగల్లు నుంచి వచ్చిన నేరెళ్ల వేణుమాధవ్ ఒక్క గొంతుతో ఎంతెంతమందినో వేదిక మీదికి పిలిచి, మిమిక్రీని పద్మశ్రీ దాకా తీసుకువెళ్లిన నేల ఇది. ఆయన పుట్టినరోజయిన డిసెంబరు 28ని ఇప్పటికీ మిమిక్రీ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అంత రుచి చూసిన జనం, మైకు ముందు ఒక్కడు నిలబడితే గొంతులు అడగడంలో వింత ఏముంది? ఆ అలవాటు ఆయన గొప్పతనం వల్ల వచ్చింది, జనం తక్కువతనం వల్ల రాలేదు.

అయినా అడ్డుపడేవాడికి పీట వేసి కూర్చోబెట్టిన జాతి మనది. అష్టావధానంలో సమస్య, దత్తపది ఇచ్చేవాళ్లతో సమానంగా అప్రస్తుత ప్రసంగం చేసేవాడికి వేదిక మీద ఆసనం ఉంటుంది. అవధాని పద్యం మూడో పాదంలో ఉండగా ‘అయ్యా, మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారు’ అని అడగడం ఆయన విధి. దానికి చమత్కారంగా జవాబు చెప్పి, వదిలిన చోటనే పద్యం అందుకోవడం అవధాని విధి. ఆ ప్రశ్న లేకపోతే అవధానం సగం వెలవెలపోతుంది. నేను కూడా కేకవేసినవాణ్ని నా అప్రస్తుత ప్రసంగి అనుకుంటాను. పేరు అడుగుతాను, చేసే పని అడుగుతాను, అతని మాట పట్టుకుని రెండు నిమిషాలు ఆడుకుని, వదిలిన చోటికి తిరిగి వస్తాను. తాగి వచ్చి ఆడవాళ్లను ఇబ్బంది పెట్టేవాడి సంగతి వేరు. అతనికి జవాబు చెప్పవలసినది కళాకారుడు కాదు, నిర్వాహకులు. అటువంటప్పుడు నిర్వాహకులు సౌండ్ బాక్సు వెనక్కి చేరి నా వైపు జాలిగా చూడటమే ఇంతవరకూ నా అనుభవం. ఈ మధ్య ఈ రంగంలోకి వస్తున్న ఆడపిల్లలకు ఈ కష్టం నాకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వాళ్లు వర్షానికి గొడుగుతో పాటు, రాత్రి పదింటికి బస్టాండు దాకా దింపే నమ్మకమైన మనిషిని కూడా వెంట తెచ్చుకోవలసి వస్తున్నది.

మా తప్పు కూడా ఉన్నదని మొదట్లో అన్నాను. అది దాచుకోను. వృత్తిలోకి వచ్చిన కొత్తలో హైదరాబాదులో ఉత్తరాంధ్ర యాసలో ఒక పాత్రను చేసి చప్పట్లు కొట్టించుకునేవాణ్ని. అదే పాత్రను ధైర్యంగా శ్రీకాకుళం జిల్లాకు తీసుకువెళ్లాను. హాలు నిండా మనుషులున్నా ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప మరేమీ వినపడలేదు. వానా లేదు, రేకులూ లేవు, సోఫాలూ లేవు, మైకు చక్కగా పనిచేస్తోంది. కార్యక్రమం అయ్యాక ఒక రైతు దగ్గరకు వచ్చి, ఏ కోపమూ లేకుండా, ‘మా మాట మీద మమ్మల్ని నవ్వించడానికా బాబూ ఇంత దూరం వచ్చినారు’ అని అడిగి, టీ తాగి వెళ్లమన్నారు. ఆ టీ గొంతు దిగలేదు. ఆ పాత్రలో నేను నవ్వించింది మనిషిని చూపి కాదు, యాసను చూపి. ఆ మనిషికి ఒక ఆశ లేదు, భయం లేదు, తెలివి లేదు, యాస ఒక్కటే ఉంది. ఆ రోజు జనం నవ్వకపోవడం మొండితనం కాదు, సరైన తీర్పు. యాసలను, ఒంటి రంగును, భార్యలను, కులాలను పట్టుకుని నవ్వించబోయి, నవ్వు రాకపోతే జనానికి రసజ్ఞత లేదని గ్రీన్ రూములో తిట్టుకునేవాళ్లు మాలో ఉన్నారు, ఒకప్పుడు నేనూ వాళ్లలో ఉన్నాను.

చివరగా డబ్బు సంగతి. రెండేళ్ల కిందట, ఊరి పేరు చెప్పను, రాయలసీమలో ఒక ఉత్సవ కమిటీవారు పిలిస్తే తొమ్మిది గంటలు బస్సులో ప్రయాణం చేసి వెళ్లాను. దిగేసరికి కుండపోత. వేదిక మీద కార్పెట్ తేలుతోంది. కమిటీవారు చాలా మర్యాదస్థులు, భోజనం పెట్టారు, శాలువా కప్పారు, దేవుడి పటం చేతిలో పెట్టారు. పారితోషికం మాట ఎత్తితే, ‘ప్రోగ్రాం జరగలేదు కదా సార్, వాన మా చేతుల్లో ఉంటుందా’ అన్నారు. బస్సు చార్జీ కూడా నాదే అయింది. షామియానా వేసినవారికి, సౌండ్ సిస్టం తెచ్చినవారికి, జనరేటరు అద్దెకిచ్చినవారికి మాత్రం ఆ రాత్రే లెక్క తేల్చి పంపించారు. ఎందుకంటే వాళ్లు ముందే సగం బయానా తీసుకుని వచ్చారు. వాన అందరి మీదా సమానంగానే పడింది, నష్టం మాత్రం నోటి మాట మీద వెళ్లినవాడి మీద పడింది. ఇప్పుడు మా ఇంట్లో శాలువాలు నలభై దాకా ఉన్నాయి, పనికొచ్చే గొడుగు ఒక్కటీ లేదు.

ఇందులో ప్రభుత్వాలు చేయగలిగినది కొంత ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభివారు, హాలు లేని ఊళ్లో తామే నాటకశాల నిలబెట్టుకుని ఆడారు. కుటుంబాలకు కుటుంబాలే కదిలే సమాజం కాబట్టి అది వాళ్లకు సాధ్యమైంది. చేతిసంచీతో ఒంటరిగా తిరిగే నాబోటివాడికి కావలసినది పెద్ద కళాక్షేత్రం కూడా కాదు. ప్రతి పట్టణంలోనూ సాయంత్రం ఆరు తరువాత తాళం పడే గ్రంథాలయ హాళ్లు, పాఠశాలల సమావేశ మందిరాలు, పురపాలక సంఘాల భవనాలు ఉన్నాయి. పైన స్లాబు, కింద వంద కుర్చీలు, పనిచేసే రెండు ఫ్యాన్లు ఉన్న అటువంటి గదిని వారానికి ఒక్క సాయంత్రం చిన్న అద్దెకు ఇస్తే, టిక్కెట్టు కొని వచ్చే వంద మందిని తెచ్చుకునే పూచీ మాది. ఉత్సవ కమిటీలను నేను కోరేది ఇంకా తక్కువ. మమ్మల్ని రాత్రి ఎనిమిదిలోపు పిలవండి. అతిథులు లేచిన సోఫాల్లో వెనకవాళ్లను కూర్చోనివ్వండి. ఒక కాగితం మీద, కనీసం ఒక వాట్సాప్ సందేశంలో, వాన పడితే మరో తేదీ ఏదో, ప్రయాణ ఖర్చు ఎవరిదో ముందే రాయండి. షామియానావారికి ఇచ్చే బయానాలో పావు వంతు మాకు ఇచ్చినా మేము వాన పడకూడదని దేవుడికి మొక్కుకుంటాం. ఇవ్వకపోయినా మొక్కుకుంటాం అనుకోండి, అది వేరే సంగతి.

వ్యాసకర్తకు ఒక మనవి. వారు తెలుగు ప్రేక్షకుణ్ని ఏ హాలులో, ఏ కుర్చీలో, ఎన్ని గంటలకు, ఎన్ని ప్రసంగాలు విన్న తరువాత చూశారో తెలియజేస్తే, ఆ ప్రేక్షకుడి తరఫున ఇంకొక ఉత్తరం రాస్తాను.

వచ్చే శనివారం తణుకు దగ్గర ఒక ఊళ్లో నా కార్యక్రమం ఉంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడే అవకాశం ఉన్నదని ఈ ఉదయమే వార్తల్లో చెప్పారు. వెంటనే నిర్వాహకులకు ఫోన్ చేసి హాలుకు పైన రేకులా స్లాబా అని అడిగాను. ‘స్లాబేనండి, ఆ విషయంలో మీరేం బెంగపెట్టుకోకండి. కరెంటు సంగతే చెప్పలేమండి’ అన్నారు. స్లాబు వాక్యాలు ఒక పుస్తకంలో, చీకట్లో చెప్పగలిగినవి మరో పుస్తకంలో సర్దుకుని, టార్చిలైటుకు కొత్త బ్యాటరీలు వేసుకున్నాను.

ఇట్లు,
ఒక హాస్య కళాకారుడు,
ఏలూరు.